తీగ మారే చోట: ఫ్యూజన్ మనోధర్మానికి ఆల్టర్నేట్ పికింగ్ సాధన

హైదరాబాదులో గిటార్ నేర్చుకుంటున్నవారిలో, ముఖ్యంగా రాక్ నుంచి, జాజ్‌ను రాక్ వంటి సంగీతాలతో కలిపే జాజ్ ఫ్యూజన్ వైపు వస్తున్నవారిలో, ఒక ఇబ్బంది పదేపదే కనిపిస్తుంది. మెట్రోనోమ్‌ను (లయను టక్‌టక్‌మని వినిపించే పరికరాన్ని) నిమిషానికి 140 బీట్ల దగ్గర పెట్టుకుని స్కేల్‌ను (స్వరాల వరుసను) ఈ చివరి నుంచి ఆ చివరికి తడబడకుండా వాయించగలిగినవారే, డి మైనర్ సెవెన్ అనే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద నడిచే బ్యాకింగ్ ట్రాక్, అంటే వెనక సంగీతపు రికార్డింగు, పెట్టి సొంతంగా వాయించమనేసరికి నాలుగైదు స్వరాలకే పిక్ (తీగను మీటే చిన్న బిళ్ల) తీగకు తగులుకుని ఆగిపోతారు. అప్పుడు వారికి సాధారణంగా అందే సలహా, నెమ్మదిగా మొదలుపెట్టి ఐదేసి చొప్పున వేగం పెంచుకుంటూ పొమ్మన్నదే. ఆ సలహాను శ్రద్ధగా పాటించి నెలల తరబడి అదే స్కేల్‌ను అదే దారిలో వాయించినా, మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించడం, దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి పెద్దగా మారదు. స్కేల్ సాధనలో ఏ తీగ మీద ఏ స్ట్రోక్‌తో ముగించి పక్క తీగకు వెళ్లాలో చేతికి ముందే తెలుసు. మనోధర్మంలో అది తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది. దీన్ని విప్పుకుంటే సాధన ఎలా సాగాలో చాలావరకు తేలిపోతుంది.

ఆల్టర్నేట్ పికింగ్ సూత్రం చిన్నదే. పిక్ ఒకసారి నేల వైపుకు, మరోసారి పైకి, ఇలా వరుస తప్పకుండా కదులుతుంది. నేల వైపు వెళ్లేది డౌన్‌స్ట్రోక్, పైకి వచ్చేది అప్‌స్ట్రోక్. బీట్‌కు నాలుగు స్వరాల చొప్పున, అంటే సిక్స్‌టీన్త్ నోట్స్‌లో, నిమిషానికి 120 బీట్ల వేగంతో వాయిస్తే సెకనుకు ఎనిమిది స్వరాలు పడతాయి. చెయ్యి సెకనుకు నాలుగుసార్లు కిందికి వెళ్లి పైకి రావాలి. 180 దగ్గర సెకనుకు పన్నెండు స్వరాలు. ఒకే తీగ మీదనైతే ఈ వేగం అందరూ భయపడేంత కష్టమేమీ కాదు.

1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించిన జాన్ మెక్‌లాఫ్లిన్, 1974లో రిటర్న్ టు ఫరెవర్ బృందంలో చేరిన ఆల్ డి మియోలా అనే ఇద్దరు గిటారిస్టులు ప్రతి స్వరాన్నీ విడిగా, గట్టిగా మీటే పద్ధతికి ఫ్యూజన్‌లో పెద్దపీట వేశారు. వారి ప్రభావం వల్ల ఫ్యూజన్ అంటే ఆల్టర్నేట్ పికింగేనన్న అభిప్రాయం బలపడింది కానీ, అదే తరంలో అలన్ హోల్డ్స్‌వర్త్ ఎక్కువ స్వరాలను ఎడమ చేతితోనే పలికిస్తూ శాక్సోఫోన్ వంటి నిరంతర ధారను సాధించాడు. తరువాత వచ్చిన ఫ్రాంక్ గాంబలే పక్క తీగకు వెళ్లేటప్పుడు స్ట్రోక్ దిశను మార్చకుండా అదే ఊపులో తోసుకుపోయే స్వీప్ పద్ధతిని పూర్తి స్థాయి శైలిగా తీర్చిదిద్దాడు. ఈ నలుగురూ పరిష్కరించినది నిజానికి ఒకే సమస్యను: పిక్ ఒక తీగను వదిలి మరో తీగకు ఎలా చేరాలి?

ఆ సమస్యను దగ్గరి నుంచి చూద్దాం. నేలకు దగ్గరగా ఉండే సన్నటి తీగ మొదటిది, పైకి వెళ్లేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. నాలుగో తీగ మీద డౌన్‌స్ట్రోక్ వేశాక పిక్ నాలుగో, మూడో తీగల మధ్య సందులో ఉంటుంది. తరువాతి స్వరం మూడో తీగ మీద అప్‌స్ట్రోక్‌తో రావాలంటే పిక్ మూడో తీగను దాటి దాని అవతలి పక్కకు వెళ్లి, అక్కడి నుంచి పైకి రావాలి. పిక్ రెండు తీగలకూ బయటి వైపు నుంచి పనిచేస్తుంది కాబట్టి దీన్ని అవుట్‌సైడ్ పికింగ్ అంటారు. అదే నాలుగో తీగను అప్‌స్ట్రోక్‌తో మీటి, మూడో తీగను డౌన్‌స్ట్రోక్‌తో మీటాలంటే పిక్ నాలుగో తీగ మీదుగా వెనక్కి దాటి రెండు తీగల మధ్య సందులోకి దిగాలి. ఇది ఇన్‌సైడ్ పికింగ్. తీగకు మూడు స్వరాల చొప్పున డౌన్‌స్ట్రోక్‌తో మొదలుపెట్టి స్కేల్ ఎక్కుతున్నప్పుడు మొదటి తీగ మార్పు అవుట్‌సైడ్, రెండోది ఇన్‌సైడ్, మూడోది మళ్లీ అవుట్‌సైడ్ అవుతాయి. తీగకు రెండేసి స్వరాలతో డౌన్‌స్ట్రోక్‌తో మొదలుపెట్టి ఎక్కితే అన్నీ ఇన్‌సైడే, దిగితే అన్నీ అవుట్‌సైడే. ఐదు స్వరాల పెంటటానిక్ స్కేల్ కొందరికి ఎక్కేటప్పుడు ఒక తీరుగా, దిగేటప్పుడు మరో తీరుగా తోచడానికి ఇదొక కారణం.

దీనికంటే ముఖ్యమైనది పిక్ ప్రయాణించే దారి వాలు. పిక్ గనుక తీగల తలానికి సరిగ్గా సమాంతరంగా కదిలితే, డౌన్‌స్ట్రోక్ చివరనా, అప్‌స్ట్రోక్ చివరనా అది తీగల మధ్యే ఇరుక్కుంటుంది. ఆ దారి కొద్దిగా వాలి ఉంటే ఒక దిశలో పిక్ తీగల పైకి తేలి బయటపడుతుంది, రెండో దిశలో లోపలికి దిగుతుంది. పిక్ ఏ స్ట్రోక్ చివర తేలుతుందో ఆ స్ట్రోక్ తరువాత తీగ మారడం దాదాపు శ్రమ లేని పని. రెండో స్ట్రోక్ తరువాత మారాలంటే మధ్యలో ఉన్న తీగ అడ్డు తగులుతుంది. ప్రసిద్ధ వాద్యకారుల చేతులను దగ్గరి నుంచి స్లో మోషన్‌లో చిత్రించి ఈ విషయాన్ని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ గిటారిస్టు ట్రాయ్ గ్రేడీ. గిటార్ బోధనలో ఇటీవలి కాలంలో వచ్చిన అత్యంత ఉపయోగకరమైన పరిశీలన ఇదేనని నా అభిప్రాయం.

మన చేతి స్వభావం తెలుసుకోవడానికి గురువు కూడా అక్కరలేదు. మూడో తీగ మీద ఒకే స్వరాన్ని హాయిగా అనిపించే గరిష్ఠ వేగంతో వాయిస్తూ, ఏమీ ఆలోచించకుండా ఒక అప్‌స్ట్రోక్ దగ్గర చేతిని ఉన్నపళంగా ఆపి చూడాలి. పిక్ మొన తీగల పైన గాలిలో ఉందా, మూడో, నాలుగో తీగల మధ్య దిగబడి ఉందా? తరువాత డౌన్‌స్ట్రోక్ దగ్గర ఆపి అదే చూడాలి. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే మరీ మంచిది. సెకనుకు ఎనిమిది స్వరాలు వాయిస్తున్నప్పుడు ఒక్కో స్ట్రోక్‌కు 30 ఫ్రేములు దొరుకుతాయి కాబట్టి పిక్ ఎక్కడ తేలుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్‌ను గిటార్ తల వైపు నుంచి, తీగల వెంట చూస్తున్నట్టు పెట్టాలి. ఎదురుగా పెడితే వాలు కనిపించదు.

ఈ పరీక్షను వేగంగానే చెయ్యాలనడానికి కారణముంది. నెమ్మదిగా వాయించేటప్పుడు ఎలాంటి కదలికైనా పనిచేసినట్టే ఉంటుంది. చాలామంది 60 దగ్గర ప్రతి స్ట్రోక్‌కూ మణికట్టును ఎత్తి దించుతూ, పిక్‌ను తీగ మీద నుంచి గెంతించుకుంటూ వాయిస్తారు. అందులో తీగ మార్పు ఎప్పుడూ సులువే, ఎందుకంటే పిక్ ప్రతిసారీ పైకి లేస్తోంది. కానీ ఆ గెంతుడు కదలిక 120 దాటేసరికి మోయలేని పనిగా మారి, నిమిషం లోపలే ముంజేయి మండడం మొదలవుతుంది. నెలల తరబడి ఐదేసి చొప్పున వేగం పెంచినా ఒక దగ్గర గోడలా ఆగిపోవడానికి కారణం ఇదే: నెమ్మదిలో స్థిరపరచుకున్న కదలికా, వేగానికి కావలసిన కదలికా వేరు వేరు. అందువల్ల ముందు ఒకే తీగ మీద, చెయ్యి బిగుసుకోని వేగవంతమైన కదలికను వెతుక్కుని, ఆ కదలికనే నెమ్మదికి తెచ్చుకుని వివరాలు సరిచూసుకోవాలి. ముంజేయి మండితే ఓర్చుకుని కొనసాగించకూడదు. ఆపి, కదలికను మార్చి చూడాలి.

ఇప్పుడు మనోధర్మం సంగతి. డి డోరియన్ స్కేల్‌నే తీసుకుందాం. డి ని షడ్జమం చేసుకుంటే ఇది మన ఖరహరప్రియ స్వరాలే కాబట్టి, కర్ణాటక సంగీతం కొద్దిగా విన్నవారికి కూడా చెవికి వెంటనే అందుతుంది. అందులో ప ని స గ రి అన్న ఐదు స్వరాల పదబంధాన్ని ఇలా వాయించవచ్చు: పంచమం నాలుగో తీగ ఏడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు), నిషాదం మూడో తీగ ఐదో ఫ్రెట్, పై షడ్జమం మూడో తీగ ఏడో ఫ్రెట్, గాంధారం రెండో తీగ ఆరో ఫ్రెట్, చివరి రిషభం మళ్లీ మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్. డౌన్‌స్ట్రోక్‌తో మొదలుపెడితే ఇందులోని మూడు తీగ మార్పులూ అవుట్‌సైడే అవుతాయి. ఇదే పదబంధాన్ని ఒక్క సిక్స్‌టీన్త్ నోట్ ఆలస్యంగా, అంటే బీట్‌లోని రెండో స్థానం నుంచి మొదలుపెట్టి, బీట్ మీద డౌన్‌స్ట్రోక్ అన్న నియమాన్ని పాటిస్తే మొదటి స్వరం అప్‌స్ట్రోక్ అవుతుంది, మూడు మార్పులూ ఇన్‌సైడ్‌గా మారిపోతాయి. చెవికి పదబంధం ఒకటే, ఎడమ చేతికీ ఒకటే; కుడి చేతికి మాత్రం ఇవి పూర్తిగా వేరు వేరు పనులు. మనోధర్మంలో పదబంధం బీట్‌లోని నాలుగు స్థానాలలో ఎక్కడి నుంచైనా మొదలుకావచ్చు. స్కేల్ సాధన ఎప్పుడూ మొదటి స్థానం నుంచే సాగుతుంది కనుక మిగిలిన సగం పనులను చెయ్యి ఎన్నడూ చేసి ఉండదు. బ్యాకింగ్ ట్రాక్ పెట్టగానే తడబాటు రావడానికి అసలు కారణం అక్కడుంది.

ఈ పదబంధాన్ని ఇంకాస్త తరచి చూస్తే పరిష్కారం కూడా కనిపిస్తుంది. డౌన్‌స్ట్రోక్‌తో మొదలైనప్పుడు మొదటి రెండు తీగ మార్పులు డౌన్‌స్ట్రోక్ తరువాత వస్తాయి, మూడోది, అంటే గాంధారం నుంచి రిషభానికి, అప్‌స్ట్రోక్ తరువాత వస్తుంది. డౌన్‌స్ట్రోక్ చివర పిక్ తేలే చెయ్యి మొదటి రెండింటినీ హాయిగా దాటి మూడోదాని దగ్గర చిక్కుకుంటుంది. చివరి రిషభాన్ని మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌కు బదులు రెండో తీగ ఐదో ఫ్రెట్ మీద వాయిస్తే ఆ మూడో మార్పు ఉండనే ఉండదు. ఎడమ చెయ్యి కూడా ఉన్నచోటనే ఉంటుంది. అప్‌స్ట్రోక్ చివర పిక్ తేలేవారికి మరో దారి ఉంది: ముందు ఒక మధ్యమాన్ని, నాలుగో తీగ ఐదో ఫ్రెట్ మీద, చేర్చి మ ప, ని స, గ రి అని తీగకు రెండేసి స్వరాలుగా వాయిస్తే ప్రతి తీగ మార్పూ అప్‌స్ట్రోక్ తరువాతే వస్తుంది. సంగీతపరంగా ఆ మధ్యమం అతుకులా వినిపించదు. పదబంధానికి ఎత్తుగడ అవుతుంది. వేగంగా వాయించే మంచి గిటారిస్టుల పదజాలం చాలావరకు ఇలాగే ఏర్పడుతుంది. వారి చెయ్యి అన్నీ చేయగలగడం వల్ల కాదు, తమ చేతికి ఒదిగే ఫింగరింగ్‌లలో స్వరాలను అమర్చుకోవడం వల్ల ఆ సునాయాసం వస్తుంది.

అలాగని ఒకే దిశకు అలవాటు పడి రెండో దిశను పూర్తిగా వదిలేయమని నా ఉద్దేశం కాదు. సాధనలో రెండు రకాల మార్పులనూ, ముఖ్యంగా తీగకు ఒకే స్వరం పడే ఆర్పెజియోలనూ (కార్డ్‌లోని స్వరాలను ఒకదాని తరువాత ఒకటిగా వాయించడం), ఓపికగా చెయ్యాలి. మధ్యస్థ వేగాల దగ్గర మణికట్టు కొద్దిగా విల్లు ఆకారపు దారిలో తిరిగి రెండు చివర్లా తేలగలదు. కానీ పెద్ద వేగంలో, వేదిక మీద, ప్రతి స్వరాన్నీ కచ్చితంగా ఆల్టర్నేట్ చేసి తీరాలన్న పట్టుదల వల్ల సంగీతానికి ఒరిగేదేమీ లేదు. తీగకు బేసి సంఖ్యలో స్వరాలు వచ్చిన చోట ఒక స్వరాన్ని మీటకుండా, ఎడమ వేలిని తీగ మీద గట్టిగా దింపే హ్యామర్-ఆన్‌తోనో, వేలిని తీగ నుంచి లాగి తీసే పుల్-ఆఫ్‌తోనో పలికిస్తే, తీగ మారే సమయానికి పిక్ మళ్లీ తనకు అనుకూలమైన స్ట్రోక్ దగ్గరికి వస్తుంది.

మన సంగీతంలో ఈ విచక్షణకు కొదవ లేదు. వీణ మీద ప్రతి స్వరానికీ మీటు పడదు. ఒక మీటు మీద తీగను లాగి రెండు మూడు స్వరాలు పలికించడం, సాహిత్యంలోని అక్షరాన్ని బట్టి మీటును ఎంచుకోవడం అందులో సహజం. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పిక్‌తో వాయించే పాశ్చాత్య వాద్యాన్ని తీసుకుని, జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు బిగించిన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలన్నీ పలికించాడు. తరువాత రిమెంబర్ శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. ఆ ఇద్దరినీ ఒకే కచేరీ రికార్డింగులో వినడం ఈ విషయం నేర్చుకుంటున్న తెలుగువారికి గొప్ప అవకాశం: ఒకరి ధారలో విడివిడిగా మీటిన స్వరాల పదును ఎక్కువ, మరొకరి ధారలో పిక్ మీటుకూ ఎడమ చేతి జారుడుకూ మధ్య పంపకం ఎక్కువ. వేగం మాత్రం ఇద్దరిదీ ఆశ్చర్యపరిచేదే.

లయ విషయంలో మనకు ఇంకా పెద్ద ఆసరా ఉంది. మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు, ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి శక్తి బృందాన్ని నడిపాడు. ఫ్యూజన్‌లో వినిపించే ఐదు, ఏడు, తొమ్మిది స్వరాల గుంపులకు మన జతులు సరిగ్గా సరిపోతాయి. మెట్రోనోమ్ బీట్‌కు నాలుగు చొప్పున ఆగకుండా ఆల్టర్నేట్ చేస్తూ, నోటితో తకతకిట తకతకిట అంటూ ప్రతి 'త'కారం మీద కాక ప్రతి గుంపు మొదటి అక్షరం మీద మాత్రమే బరువు వేసి చూడండి. మొదటి బరువు ఒకటో స్వరం మీద డౌన్‌స్ట్రోక్‌తో, రెండోది ఆరో స్వరం మీద అప్‌స్ట్రోక్‌తో, మూడోది పదకొండో స్వరం మీద డౌన్‌స్ట్రోక్‌తో, నాలుగోది పదహారో స్వరం మీద అప్‌స్ట్రోక్‌తో పడతాయి. ఐదు బీట్ల తరువాత అన్నీ మళ్లీ కలుస్తాయి. తకధిమితకిటతో మిశ్రంలో చేసినా ఇదే జరుగుతుంది, కలిసే చోటు మాత్రం ఏడు బీట్ల తరువాత వస్తుంది. ఒకే తీగ మీద, ఒకే స్వరంతో చెయ్యగలిగిన ఈ సాధన, బరువును స్ట్రోక్ దిశ నుంచి విడదీస్తుంది. బేసి గుంపుల్లో అప్‌స్ట్రోక్ మీద కూడా అంతే బరువు పడేదాకా ఫ్యూజన్ లయ నిలబడదు. జతులు చెప్పుకోవడానికి గిటార్ కూడా అక్కరలేదు కాబట్టి మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వెళ్లే సమయమంతా దీనికి పనికొస్తుంది.

జాజ్‌లోని ఊగే నడక అయిన స్వింగ్ వాయించేటప్పుడు ఈ అప్‌స్ట్రోక్ బలం మరీ అవసరం. బీబాప్ అనే వేగవంతమైన జాజ్ శైలి ధారలో బరువు తరచుగా బీట్ల మధ్యలో పడుతుంది. ఎయిత్ నోట్స్‌లో, అంటే బీట్‌కు రెండు స్వరాల చొప్పున, బీట్ మీద డౌన్, మధ్యలో అప్ అని వాయిస్తున్నప్పుడు సహజంగా డౌన్‌స్ట్రోక్ గట్టిగా, అప్‌స్ట్రోక్ నీరసంగా పడితే ధార కవాతులా వినిపిస్తుంది. అప్‌స్ట్రోక్‌లకు మాత్రమే బరువు ఇస్తూ కొంతసేపు వాయించడమే దీనికి మందు.

ఇక సాధన క్రమం. రోజుకు గంట దొరికేవారు అందులో సగం కంటే ఎక్కువ భాగం పదబంధాలకూ మనోధర్మానికీ ఇవ్వాలని నా గట్టి నమ్మకం. ప ని స గ రి వంటి ఒక చిన్న పదబంధాన్ని తీసుకుని బీట్‌లోని నాలుగు స్థానాల నుంచీ మొదలుపెట్టి వాయించాలి. ఏ స్థానంలో ఇరుక్కుంటుందో గమనించి అక్కడ ఫింగరింగ్ మార్చడమో, ఒక స్వరం చేర్చడమో, ఒక స్వరాన్ని మీటకుండా పలికించడమో చెయ్యాలి. తరువాత 70 దగ్గర ఒక్క డి మైనర్ సెవెన్ మీద ఎనిమిది బార్లు (ఆవర్తాలు) ఆగకుండా సిక్స్‌టీన్త్ నోట్స్‌లో మనోధర్మం వాయించాలి. ఆగడానికి వీల్లేదన్న నిబంధన వల్ల చెయ్యి అలవాటైన దారులను వదిలి అన్ని రకాల మార్పులనూ ఎదుర్కొంటుంది. ఆ పైన విరామాలు చేర్చాలి. విరామంలో పిక్ తీగను తాకకపోయినా చెయ్యి మాత్రం అదే లయలో గాలిలో కదులుతూ ఉంటే, మళ్లీ వాయించే మొదటి స్వరం దానికి రావలసిన స్ట్రోక్ మీదే వస్తుంది. చివరగా నాలుగేసి బార్లకు డి మైనర్ నుంచి అర స్వరం పైన ఉన్న ఇ-ఫ్లాట్ (E♭) మైనర్‌కు మారి తిరిగి వచ్చే ట్రాక్ మీద ఇదే చెయ్యాలి. కార్డ్ మారే చోట తీగ మార్పు కూడా వస్తే అసలు పరీక్ష అప్పుడే.

పిక్ విషయంలో ఒక్క మాట చాలు: వంగిపోయే పల్చటి పిక్‌తో ఈ పనులు జరగవు, ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా మందం ఉండి మొన కాస్త సన్నగా ఉన్నది కావాలి.

సాధన చేసే పరిస్థితుల ప్రభావం మాత్రం చాలామంది అనుకునేదానికంటే పెద్దది. ఈ ఊళ్లో ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదీ తొమ్మిదింటికి ఇల్లు చేరి, అపార్ట్‌మెంట్‌లో పక్కవారికి ఇబ్బంది కలగకూడదని ఎలక్ట్రిక్ గిటార్‌ను ఆంప్‌కు (శబ్దం పెంచే యాంప్లిఫయర్‌కు) కలపకుండానే వాయించేవారు ఎక్కువ. ఆంప్ లేని ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం సన్నగా ఉంటుంది కాబట్టి, తన వాద్యం తనకు వినిపించడం కోసం చెయ్యి తెలియకుండానే గట్టిగా కొట్టడం, స్ట్రోక్ పెద్దది కావడం, మణికట్టు బిగుసుకోవడం జరుగుతాయి. దానితోపాటు, మీటని తీగలు అప్రయత్నంగా మోగుతున్న సంగతి కూడా అప్పుడు తెలియదు. గెయిన్ (శబ్దపు తీవ్రత) పెంచిన ఆంప్ ముందు నిలబడగానే ఆ రొదంతా బయటికి వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న ఆంప్ గానీ, ఫోన్‌కో కంప్యూటర్‌కో కలిపే ఇంటర్‌ఫేస్ గానీ ఉంటే ఈ రెండు చెడ్డ అలవాట్లూ తప్పుతాయి. కుడి అరచేతి అంచు లావు తీగలను, ఎడమ చూపుడు వేలు సన్న తీగలను ఆపుతున్నాయో లేదో అప్పుడే వినిపిస్తుంది.

ప్రతి వారం ఒక రెండు నిమిషాల మనోధర్మాన్ని రికార్డు చేసుకుని సగం వేగంలో వినడం అలవాటు చేసుకోవాలి. తడబాటు వినిపించిన ప్రతి చోటా, అది తీగ మారే చోటా కాదా అన్నది ముందుగా చూడాలి. తీగ మారే చోటైతే, మారడానికి ముందు పడిన స్ట్రోక్ ఏదో గుర్తించి పదబంధాన్ని పైన చెప్పినట్టు సవరించుకోవాలి. ఒకే తీగ మీద తడబడితే తప్పు సాధారణంగా కుడి చేతిది కాదు. ఎడమ చేతి వేలు పిక్ కంటే ముందో వెనకో దిగుతోంది. అప్పుడు ఆ స్వరాల గుంపును బీట్ మొదటి స్వరం దగ్గర రెండు చేతులూ కచ్చితంగా కలిసేలా, చిన్న ముక్కలుగా, అసలు వేగంలోనే వాయించి సరిచేసుకోవచ్చు.